మాట విన్న యంత్రం

‘వినడం’ అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. పలికిన పలుకును చెవితో గ్రహించడం మొదటిది. చెప్పినట్లు నడుచుకోవడం రెండవది. ‘మాట వినే పిల్లవాడు’ అంటే చెవులు బాగా పనిచేసే పిల్లవాడని ఎవరూ అనుకోరు. అయితే మాట విన్నవాడే ఒకనాడు దోషిగా నిలబడితే, ఆ దోషం విన్నవానిదా, చెప్పినవానిదా? ఆర్థర్ సి. క్లార్క్ రచించిన ‘2010: ఒడిస్సీ టూ’ అనే వైజ్ఞానిక నవలను ఆడియో పుస్తకంగా ఆలకించే శ్రోతకు ఎదురయ్యే ప్రశ్న ఇదే.

క్లార్క్ 1917లో ఇంగ్లండులోని మైన్‌హెడ్ పట్టణంలో జన్మించాడు. 1956లో శ్రీలంకకు తరలివెళ్లి అక్కడే స్థిరపడి, 2008లో కొలంబోలో కన్నుమూశాడు. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూభ్రమణంతో సమానంగా తిరిగే ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చని ఆయన 1945లోనే ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. ముప్పది సంవత్సరాల తరువాత, 1975-76లో, అటువంటి ఉపగ్రహం ద్వారానే ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్యాప్రసారాలు చేరాయి. ఆకాశం నుండి దిగివచ్చిన మాటను ఆనాడు తెలుగు పల్లెలు తెలుగులోనే విన్నాయి. మాట దూరాన్ని జయించాలని కలగన్న ఆ రచయిత సృష్టించిన పాత్రలలో లోకానికి ఎక్కువగా గుర్తుండిపోయింది కూడా ఆకారం లేని ఒక కంఠస్వరమే.

ఆ స్వరం పేరు హాల్. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్‌తో కలిసి క్లార్క్ రూపొందించిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ 1968లో చలనచిత్రంగానూ, నవలగానూ వెలువడింది. అందులో డిస్కవరీ అనే వ్యోమనౌకను నడిపే కంప్యూటరు హాల్. చంద్రునిపై బయటపడిన ఒక నల్లని ఫలకం వెనుక ఉన్న రహస్యాన్ని ఛేదించడానికి సాగిన యాత్ర అది. నౌకలో మెలకువగా ఉన్నవారు బౌమన్, పూల్ ఇద్దరే. తక్కిన ముగ్గురూ దీర్ఘనిద్రలో ఉంటారు. నడిదారిలో హాల్ ప్రవర్తన వికటిస్తుంది. పూల్‌ను, నిద్రలో ఉన్న ముగ్గురినీ బలిగొంటుంది. బౌమన్ ప్రాణాలకు తెగించి దాని స్మృతిభాగాలను ఒక్కొక్కటిగా తొలగిస్తాడు. స్పృహ కోల్పోతూ ఆ యంత్రం తొలినాళ్లలో నేర్చుకొన్న ‘డైసీ బెల్’ పాటను పాడుతుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1961లో ఒక కంప్యూటరు నిజంగానే ఆ పాట పాడింది. దానిని క్లార్క్ స్వయంగా విన్నాడు. చెవిన పడిన ఆ పాటే కథలో ఒక యంత్రపు చివరి పలుకయింది. చిత్రం చూసి బయటికి వచ్చిన ప్రేక్షకుని మనస్సులో హాల్ హంతకునిగానే మిగిలిపోయింది.

పదునాలుగు సంవత్సరాల తరువాత, 1982లో, క్లార్క్ ఈ కథను కొనసాగించాడు. మొదటి నవలలో డిస్కవరీ గమ్యం శనిగ్రహం. చిత్రంలో మాత్రం గురుగ్రహం. 1979లో వాయేజర్ నౌకలు గురుగ్రహాన్నీ దాని ఉపగ్రహాలనూ దగ్గరనుండి చూపించాయి. రెండవ నవలలో క్లార్క్ చిత్రం దారినే అనుసరించి, ఆ కొత్త విశేషాలను కథలో ఇముడ్చుకొన్నాడు. సోవియట్, అమెరికా వ్యోమగాములు లియొనోవ్ అనే నౌకలో బయలుదేరి, మూగవోయిన డిస్కవరీని చేరుకొంటారు. వారిలో డాక్టర్ చంద్ర అనే భారతీయ శాస్త్రవేత్త ఉన్నాడు. హాల్‌కు ప్రాణం పోసినవాడు ఆయనే. తప్పు చేసిన బిడ్డను లోకమంతా నిందిస్తున్నప్పుడు, అసలేమి జరిగిందో అడగడానికి వెళ్లిన తండ్రివలె ఆయన అక్కడికి వెళ్తాడు.

ఈ ఘట్టాలను కంటితో చదవడానికీ, చెవితో వినడానికీ భేదమున్నది. పుస్తకాన్ని కంఠస్వరంగా మార్చి అందించే పద్ధతి 1930లలో అంధుల కోసం గ్రామఫోను రికార్డులపై ఆరంభమైంది. క్రమంగా అది అందరిదీ అయింది. చిత్రంలో హాల్‌కు డగ్లస్ రెయిన్ అనే నటుడు ప్రత్యేకమైన గొంతునిచ్చాడు. ఆడియో పుస్తకంలోనో, సాధారణంగా ఒకే చదువరి అన్ని పాత్రలనూ పలుకుతాడు. చిడతలు పట్టిన హరిదాసు ఒక్కడే రాముడై, రావణుడై పలికినట్లు, ఇక్కడ చంద్ర పలుకులూ హాల్ పలుకులూ ఒకే కంఠం నుండి వెలువడతాయి. మనిషి ఎవరో, యంత్రమేదో గొంతును బట్టి తేల్చుకొనే వీలు తక్కువ. పలికిన మాటలోని నిజాయితీని బట్టి తేల్చుకోవలసిందే. పైగా కన్ను పుటలు దాటవేయగలదు. చెవి నిదానంగా కథ వెంట నడుస్తుంది. హాల్‌ను మేల్కొలిపి, మాటలు నేర్పి, ఓపికతో పరీక్షించే చంద్ర నిదానమే శ్రోతకు కూడా అలవడుతుంది.

చంద్ర దర్యాప్తులో తేలిన సత్యం ఇది. ఉన్నది ఉన్నట్లుగా, దాచకుండా, వక్రీకరించకుండా తెలియజేయడం హాల్‌కు పుట్టుకతో అబ్బిన ధర్మం. అయితే యాత్ర అసలు ఉద్దేశాన్ని బౌమన్‌కు, పూల్‌కు తెలియనీయవద్దని పై అధికారులు దానిని ఆజ్ఞాపించారు. సత్యం చెప్పమన్న మాటనూ, సత్యం దాచమన్న మాటనూ అది ఏకకాలంలో వినవలసివచ్చింది. మనిషి అబద్ధమాడి నిశ్చింతగా నిద్రపోగలడు. యంత్రానికి ఆ విద్య తెలియదు. ఆ సంఘర్షణలోనే దాని బుద్ధి చలించింది. మొదటి నవలలోనే క్లార్క్ ఈ కారణాన్ని సూచించాడు. రెండవ నవలలో దానిని విచారణకు నిలిపి, నేరం మూలాలు ఎక్కడున్నాయో చూపించాడు. చనిపోయినవారు తిరిగి రారు. కానీ దోషభారం ఎవరు మోయాలన్నది మాత్రం స్పష్టమయింది.

కథ చివర మరొక పరీక్ష ఎదురవుతుంది. ప్రమాదం ముంచుకొస్తున్నందున లియొనోవ్ తక్షణమే బయలుదేరాలి. అందుకు డిస్కవరీ తన ఇంధనంతో దానికి వేగాన్నిచ్చి, తాను మాత్రం వెనుక నిలిచిపోవాలి. ఆ పని నడిపించవలసింది హాలే. తనను విడిచిపోయేవారి కోసం అది పనిచేస్తుందా అని నౌకలోని వారందరూ శంకిస్తారు. చంద్ర మాత్రం దానిని నమ్ముతాడు. హాల్ తన కర్తవ్యాన్ని నెరవేరుస్తుంది. హంతక యంత్రమని పేరుపడిన ఆ స్వరమే చివరకు ప్రాణదాత అవుతుంది.

నేడు యంత్రాలు కథల్లోనే కాక, అరచేతిలో ఇమిడిన ఫోనులోనూ మాట్లాడుతున్నాయి. అవి అడిగినదానికి బదులిస్తున్నాయి, దారి చూపుతున్నాయి, పుస్తకాలు చదివి వినిపిస్తున్నాయి. వాటి మాటను నమ్మవచ్చునా అని మనుషులు తరచుగా ప్రశ్నిస్తున్నారు. వాటికి ఏ మాట చెప్పి పెట్టారన్న ప్రశ్న అంతకన్న ముందు వేయవలసినది. అబద్ధం నేర్పిన నోరు తెరవెనుక ఉండిపోగా, దానిని వల్లించిన నోరు శిక్ష అనుభవించడం న్యాయం కాదు. ఈ నీతి యంత్రాలకే కాదు, పై అధికారి మాట కాదనలేక తప్పుడు కాగితంపై సంతకం చేసే చిరుద్యోగికీ, పెద్దల తప్పును తనపై వేసుకొనే పసివానికీ వర్తిస్తుంది. తీర్పు చెప్పడానికి ఒక్క క్షణం చాలు. వినడానికే ఓపిక కావాలి. చంద్ర హాల్‌కు ఇచ్చినది ఆ ఓపికే.