సున్నా నుంచి మూడు దాకా

సింగపూర్‌లో హౌసింగ్ బోర్డు అపార్ట్‌మెంట్ల కింది అంతస్తులో ఇళ్లు కట్టరు, ఖాళీగా వదిలేస్తారు. వాయిడ్ డెక్ అంటారు దాన్ని. పెళ్లి విందులు, చావు పందిళ్లు, ముసలాళ్ల చదరంగం అన్నీ అక్కడే. జురాంగ్ వైపు అలాంటి ఒక బ్లాకు కింద, పోస్టు డబ్బాల వరస దాటగానే ఒక గాజు తలుపు. లోపల నాలుగు కుర్చీలు, ఒక మూల బొమ్మల బుట్ట. ఫ్యామిలీ సర్వీస్ సెంటర్ అంటే అంతే.

మా అమ్మాయి స్నేహితురాలు అక్కడ సోషల్ వర్కర్. విజయవాడ పిల్ల. "ఆంటీ, ఫోటోలు తియ్యకూడదు, ఏ కుటుంబం గురించీ అడక్కూడదు" అని ముందే చెప్పింది. నాకూ అక్కర్లేదు. ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన దాన్ని. నాకు కావలసింది వాళ్ల రిజిస్టర్లు. పిల్లలకు మంచి జరిగిందో లేదో వీళ్లు దేన్ని చూసి తేలుస్తారు?

ఇలాంటి సెంటర్లు దేశం మొత్తం మీద 50కి దగ్గరగా ఉన్నాయి. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది స్వచ్ఛంద సంస్థలు. బిడ్డకు ప్రమాదం ఉందనిపిస్తే కేసు సామాజిక, కుటుంబాభివృద్ధి శాఖలోని చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీస్‌కు వెళ్తుంది. 1993 నాటి పిల్లల చట్టం పదహారేళ్ల లోపు వాళ్లకే రక్షణ ఇచ్చేది. 2020 జులై నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరికీ వర్తిస్తోంది.

అమ్మాయి ఇదివరకు తల్లిదండ్రులకు దూరంగా ఉంచిన పిల్లల హోములో పనిచేసింది. అక్కడ వాడిన ఫారం ఖాళీది ఒకటి నా ముందు పెట్టింది. దాని పేరు క్యాన్స్. అమెరికాలో జాన్ లయన్స్ అనే ఆయన రూపొందించినది. బిడ్డ నిద్ర, కోపం, చదువు, స్నేహాలు, ఇంట్లో వాళ్లతో సంబంధం... ఒక్కోదానికి ఒక్కో వరస. ప్రతి వరసకూ సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె వెయ్యాలి. సున్నా అంటే సమస్య కనబడలేదు. ఒకటి, కనిపెట్టుకుని ఉండాలి. రెండు, ఏదో ఒకటి చెయ్యాలి. మూడు, ఇప్పుడే చెయ్యాలి.

మా పచ్చ, పసుపు, నారింజ రంగుల ఎదుగుదల చార్టు గుర్తొచ్చింది. కానీ దానికి తూకం ఉండేది, వాదన ఉండేది కాదు. ఇక్కడ కోపాన్ని ఏ కాటాలో వేస్తారు?

"గత ముప్పై రోజుల్లో జరిగిందే చూడాలి ఆంటీ. ఇంకోటి, మందులేసుకుంటూ బాగున్నవాడు బాగున్నట్టు కాదు. ఆ సాయం తీసేస్తే ఎలా ఉంటాడో ఊహించి అంకె వెయ్యాలి" అంది.

ఈ రెండో మాట దగ్గర నేను ఆగిపోయాను. మేము అన్నం పెట్టిన పిల్లల్ని లెక్కపెట్టాం, పౌష్టికాహారం పొట్లాల్ని లెక్కపెట్టాం. మేమిచ్చింది ఆపేస్తే బిడ్డ ఎలా ఉంటుందని ఏ నెలవారీ నివేదికా అడగలేదు. ఫారంలో ఇంకో భాగం బిడ్డ బలాలకు. పాట పాడతాడా, నమ్మే పెద్దమనిషి ఒకరైనా ఉన్నారా అని. అక్కడ సున్నా పడితే మంచి గుర్తు, అంటే ఆ బలాన్ని పట్టుకుని ముందుకు పోవచ్చు. కొత్తవాళ్లు మొదట్లో ఇక్కడే తికమకపడతారని నవ్వింది.

అంకెల మాటకొస్తే నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి వేరే రెండు. చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీస్ విచారించిన వేధింపుల కేసులు 2020లో 1,313. 2021లో 2,141. ఏడాదిలో 63 శాతం ఎక్కువ. మా జిల్లాలో ఇలా పెరిగితే కలెక్టరు సమీక్షలో మా పని అయిపోయేదే. కానీ 2020 ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ బళ్లు మూతపడ్డాయి. ఒంటి మీద వాత చూసి అడిగే టీచరే లేదు. 2021 జనవరిలో హింస గురించి చెప్పడానికి ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ వచ్చింది. పెరిగినవి దెబ్బలా, దెబ్బల్ని చూసిన కళ్లా? రెండూ కొంత కొంత కావచ్చు. అంకె మటుకు విడదీసి చెప్పదు. మన దగ్గరి అంకెలూ ఇంతే. తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతాయి. ఎందరు పిల్లల్ని కాపాడారో పేపర్లో వస్తుంది. ఏడాది తిరిగాక వాళ్లలో ఎందరు బళ్లో ఉన్నారన్నది అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు.

ఇక్కడ కామ్‌లింక్ ప్లస్ అని ఇంకో పథకం ఉంది, అద్దె ఫ్లాట్లలో ఉండే పేద కుటుంబాల కోసం. మూడేళ్లకే బిడ్డను ప్రీస్కూల్లో చేర్పిస్తే బిడ్డ ఖాతాలో 500 డాలర్లు, నిలకడగా పంపిస్తే మూడు నెలలకోసారి 200. హాజరు తేలిగ్గా లెక్కకందుతుంది, డబ్బూ తేలిగ్గా ఇవ్వొచ్చు. నాకు నచ్చిన పథకమే. అయితే హాజరుకి డబ్బు ముడిపెట్టాక, ఆ హాజరునే బిడ్డ బాగుకు కొలమానంగా చూపిస్తే నేను ఒప్పుకోను.

టీ తాగుతూ నేనే ఇక్కడి ఒక కేసు మాట ఎత్తాను. 2020 ఫిబ్రవరిలో ఒక నాలుగేళ్ల పాప చిత్రహింసలకు చనిపోయింది. అంతకు దాదాపు ఏడాది ముందే, 2019లో, ప్రీస్కూల్ వాళ్లు ఆ పిల్ల ఒంటి మీద గాయాలు చూశారు. 2025 అక్టోబరులో వచ్చిన సమీక్షా సంఘం నివేదిక ఒక్కరిని కాదు, చాలా సంస్థల్ని తప్పుపట్టింది. అందులో ఒకటి చదివి నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీస్‌కు ఫోన్ వెళ్లింది, అక్కడ ఆ ఫోన్ నమోదు కాలేదు. ఎన్ని ఫోన్లొచ్చాయి, ఎన్ని గంటల్లో స్పందించారు అనే ఏ పట్టికలోనూ ఆ ఫోన్ ఉండదు. రాయని ఫోన్ ఆలస్యమైన ఫోన్ల కింద కూడా రాదు. వందకు వంద స్పందన చూపించే నివేదిక అలాగే తయారవుతుంది. ఈ పద్ధతి మా శాఖలో నాకు బాగా తెలుసు.

అమ్మాయి వెంటనే ఏమీ అనలేదు. కప్పులు కడిగొచ్చి ఫారం మళ్లీ ఫైల్లో పెడుతూ, "నన్నడిగితే ఇంకో గడి పెట్టమంటాను ఆంటీ. ఒక బిడ్డకు ఎందరు వర్కర్లు మారారు అని. పిల్లలు కొత్తవాళ్లకి మొదటి నుంచీ కథ చెప్పరు" అంది.

ఫారం అటూ ఇటూ తిప్పి చూశాను. అలాంటి గడి లేదు. తను ఆ హోము వదిలి వచ్చేటప్పుడు ఎందరు పిల్లలు తన చేతిలో ఉన్నారని అడిగాను. తొమ్మిది మంది, అంది. వాళ్లలో ఇద్దరికి తను నాలుగో వర్కరట.