మాట్లాడుకుందాం – 23: వంద గజాలు ఎక్కడి నుంచి కొలవాలి?



ఇంటర్ చదివే తమ్ముడొకడు మొన్న మీటింగ్‌లో అడిగాడు: "అన్నా, హాస్టల్ మెస్ గురించి రాస్తవ్, వార్డెన్ గురించి రాస్తవ్. గేటు ముందట పాన్ డబ్బా గురించి ఎప్పుడు రాస్తవ్?" ఇదిగో తమ్మీ, నీ బాకీ తీరుస్తున్నా.

ముందు చట్టం. 2003లో వచ్చిన కోట్పా చట్టం ఆరో సెక్షన్ రెండు మాటలు చెప్తుంది. 18 ఏళ్ళు నిండని వాళ్ళకు పొగాకు అమ్మొద్దు. విద్యాసంస్థకు 100 గజాల లోపల అసలెవ్వరికీ అమ్మొద్దు. తప్పితే జరిమానా 200 రూపాయల దాకా. ఇదే పని మీద 2015 బాలల న్యాయ చట్టంలో 77వ సెక్షన్ ఉంది, పిల్లలకు పొగాకు ఇస్తే 7 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఒకటే పొట్లం, ఒకటే పిల్లగాడు. ఒక పుస్తకం తీస్తే 200, ఇంకో పుస్తకం తీస్తే 7 ఏళ్ళు. మా ఊర్లో రెండిట్లో ఏదీ ఎవరి మీదా పడింది లేదు.

ఇక 100 గజాల సంగతి. మా ఊరి హైస్కూలు నడి ఊర్లో ఉంది. దాని గోడ మీద పసుపు బోర్డు కూడా ఉంది. ఎస్సీ హాస్టల్ మాత్రం ఊరి బయట, వాడ దాటినాక, చెరువు కట్ట కింద. ఎందుకక్కడ కట్టారో ఈ పేజీ చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. చట్టం నిబంధనల్లో విద్యాసంస్థ అంటే చదువు చెప్పే చోటు. హాస్టల్ అన్న మాట అందులో లేదు. మేము ఫిర్యాదు పట్టుకొని పోతే స్టేషన్‌లో నవ్వి, "హాస్టల్ బడి ఎట్లయితది?" అన్నారు. పగలు ఏడు గంటలు పిల్లలుండే బడికి కంచె ఉంది, రాత్రంతా ఉండే హాస్టల్‌కు లేదు. డబ్బాలో చిప్స్ దండలు, వాటి పక్కనే ఖైనీ దండలు. ఎనిమిదో తరగతి పిల్లగాడు రెండు రూపాయల మిఠాయి కొనను పోయి అరువుకు అంబర్ పొట్లం తెచ్చుకుంటాడు.

తనిఖీ చేసే అధికారం ఎవరిది? చట్టం ప్రకారం ఎస్సైకి తగ్గని పోలీసు, లేదంటే ఆహార, ఔషధ శాఖ అధికారి, లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన అదే స్థాయి అధికారి. ఎవరొచ్చినా మండలం నుంచో, జిల్లా నుంచో రావాలి. పిల్లల పేర్లు, వాళ్ళ తల్లుల పేర్లు తెలిసిన సర్పంచ్ ఆ వరసలో కనబడదు.

అయినా మా సర్పంచక్క దారి వెతికింది. 2019లో ఎస్సీ మహిళ రిజర్వేషన్‌లో గెలిచింది. చదివింది పదో తరగతే గానీ పంచాయతీ రిజిస్టర్లు అక్షరం వదలకుండా చదివించుకునేది. ఆ డబ్బా నిలబడ్డది పంచాయతీ జాగలో, తైబజారు కట్టేది పంచాయతీకే. "పొగాకు నా చేతిల లేదు గని జాగ నా చేతిలున్నది గద" అన్నది. గ్రామసభలో తీర్మానం పెట్టింది: హాస్టల్ దగ్గర పంచాయతీ జాగలో పొగాకు అమ్మే డబ్బాకు చోటు లేదు, బస్టాండ్ దగ్గర ఇస్తాం. ఉపసర్పంచ్ మొహం మాడ్చుకున్నాడు. ఖైనీ, గుట్కా ఏజెన్సీ ఆయన బామ్మర్దిదే మరి. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కూ ఉపసర్పంచ్‌కూ కలిపి చెక్ పవర్ ఇచ్చింది కదా, నాలుగు నెలలు మోరీల బిల్లుల మీద సంతకం ఆపాడు. అక్క వంగలేదు. డబ్బా జరిగింది.

2024 ఫిబ్రవరిలో పదవీకాలం అయిపోయింది. ఎన్నికలు పెట్టలేదు, ప్రత్యేకాధికారులు కూచున్నారు. నెల తిరక్కుండానే డబ్బా గేటు ముందటికి తిరిగొచ్చింది. 2025 డిసెంబర్‌లో ఎన్నికలయ్యేదాకా తీర్మానం కాగితం ఎవరు చూడాలి?

అమెరికాలో మసాచుసెట్స్‌లో నీధమ్ అని చిన్న పట్నం. మా పెద్దమ్మ కొడుకు ఆ రాష్ట్రంలోనే స్టోర్ కౌంటర్ మీద పని చేస్తాడు, ఐడీ చూపించనిదే సిగరెట్ పెట్టె తీసే పని లేదంటాడు. నీధమ్ 2005లోనే తన హద్దుల్లో కొనే వయసు 21కి పెంచింది. 2006 నుంచి 2010కి అక్కడి హైస్కూలు పిల్లల్లో పొగ తాగేవాళ్ళు 13 శాతం నుంచి 7కి దిగారు. పక్క ఊళ్ళలో 15 నుంచి 12కే. దేశమంతటికీ 21 చేయడానికి వాషింగ్టన్‌కు 2019 డిసెంబర్ దాకా పట్టింది. ఊరు ముందు నడిచింది, దేశం వెనక వచ్చింది. మన దగ్గర 73వ సవరణ పదకొండో షెడ్యూల్‌లో 29 అంశాలు రాసి పెట్టారు, ఆరోగ్యం అందులో ఉంది. రాయడం వరకే.

2017లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. పొగాకు అమ్మేవాళ్ళకు స్థానిక సంస్థలు లైసెన్స్ ఇవ్వాలి, లైసెన్స్ ఉన్న షాపులో చిప్స్, బిస్కెట్లు, చాక్లెట్లు ఉండొద్దు అని. నాకు ఈ ఆలోచన నచ్చింది, భయమూ వేసింది. డబ్బా నడిపేది ఎవరు? మా దగ్గరైతే మొగుడు చచ్చిన ముసలమ్మ. లైసెన్స్ ఫీజు వేలల్లో పెడితే ఆమె పోతుంది, ఏజెన్సీ ఆయన వేరే పేరు మీద తీసుకుంటాడు. అందుకే నేను అడిగేది లైసెన్స్ ముందు ఏజెన్సీకి, దాన్ని రద్దు చేసే అధికారం గ్రామసభకు. ముసలమ్మకు చాయ్ కొట్టు పెట్టుకోను పంచాయతీ జాగ, ఏడాది తైబజారు మాఫీ.

ఈ మాటన్నందుకు బీడీ కమీషన్‌దారు ఒకాయన నలుగురిలో నన్ను నిలదీశాడు: "మీ అమ్మ బీడీలు చుట్టి నిన్ను చదివిచ్చింది. నువ్వే పొగాకు వద్దంటవారా?" నిజమే, చుట్టింది. చాట ఒళ్ళో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకుంది. ఆ వెయ్యిలో కూడా మంచిగ లేవని ఇన్ని తీసిపారేసేవాళ్ళు ఈయన లాంటోళ్ళే. ఇంటికొచ్చి అమ్మకు చెప్తే దగ్గుతూనే నవ్వింది. "నేను చుట్టింది నువ్వు తాగనీకా బిడ్డా?" అన్నది. చుట్టే ఆడవాళ్ళకు వేరే పని చూపించకుండా బీడీ బంద్ అనే పట్నం మేధావులతో నాకు పేచీ ఉంది, అది ఇంకో వారం రాస్తా.

కొత్త సర్పంచ్‌కు పాత తీర్మానం నకలు ఇచ్చాం. "చూద్దాం" అన్నాడు. వచ్చే గ్రామసభకు హాస్టల్ పిల్లల తల్లులు యాభై మంది వస్తామన్నారు.

హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక పని చేయండి. టేపు తీసుకొని మీ గేటు నుంచి దగ్గరి డబ్బాకు ఎన్ని గజాలో కొలవండి. అది నిలబడ్డ జాగ ఎవరిదో పంచాయతీ సెక్రటరీని అడగండి. రెండూ రాసి నాకు పంపండి.