తలుపు వేసుకుని మాట్లాడాలంటే

కొండపల్లి మారుమూల ఊరేమీ కాదు. దగ్గర్లోనే హైదరాబాదు హైవే, ఊళ్లో కాజీపేట మార్గం మీది రైల్వే స్టేషను, పక్కనే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం. 2021లో ఇబ్రహీంపట్నంతో కలిసి మున్సిపాలిటీ కూడా అయింది. అయినా కొండవార ఇళ్లలో ఫోను మోగగానే మనిషి సిగ్నల్ కోసం వాకిట్లోకి పరుగెత్తాలి. రాత్రయినా, వానైనా అంతే. మంచం దిగలేని ముసలమ్మకు ఆ పరుగు కూడా లేదు.

ఆమధ్య బొమ్మల కాలనీలో హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులు బొమ్మల కొలువులో పెట్టుకోవడానికి దశావతారాల సెట్టు తీసుకున్నారు. తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల పొడి, రంపప్పొట్టు కలిపిన ముద్దతో అతికి, రంగులేసిన బొమ్మలు. ఫోన్లో డబ్బు పంపబోతే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. అంబారీ ఏనుగుకు కన్ను దిద్దుతున్నావిడ కుంచె పక్కన పెట్టి, "ఆ వేపచెట్టు దాకా వెళ్లి కొట్టండమ్మా, అక్కడైతే అందుద్ది" అంది. వెళ్లి కొట్టారు. వాళ్ల ఖాతాలో డబ్బు పోయింది, ఈవిడకు మెసేజి రాలేదు. ఎవరూ అబద్ధమాడలేదు. అయినా ఆ కాసేపూ ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకున్నారు. నన్ను బాధపెట్టింది ఆ చూపే.

సిగ్నల్ అందకపోవడానికి కారణాలు తెలియనివి కావు. రేడియో తరంగాలకు కొండ అడ్డం. పెంకుటిళ్లు పోయి ఇనుప చువ్వల కాంక్రీటు గోడలు వచ్చాయి. ఎక్కువ వేగాన్నిచ్చే హై ఫ్రీక్వెన్సీ తరంగాలకు గోడలు దాటే శక్తి తక్కువ. కొత్త టవరంటే రేడియేషన్ భయంతో జనం వద్దంటారు. మన దేశంలో టవర్ల రేడియేషన్ పరిమితి 2012 నుంచి అంతర్జాతీయ ప్రమాణంలో పదోవంతేనని వాళ్లకు ఓపిగ్గా చెప్పాల్సినవాళ్లు చెప్పాలి.

కాల్ మధ్యలో తెగితే రూపాయి పరిహారమివ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015లో కంపెనీలను ఆదేశించింది. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 అక్టోబరు నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీలు కవరేజీ మ్యాపులు బయటపెట్టాలి. జిల్లాలో సేవలు 24 గంటలు దాటి ఆగిపోతే పరిహారమివ్వాలి. మంచి పనే. కానీ జిల్లాకు ఒక రోజు ఆగితే లెక్క ఉంది, ఒక వీధికి ఏళ్ల తరబడి అందకపోతే లెక్క లేదు. మ్యాపులో రంగు పడ్డంత మాత్రాన వంటింట్లో మాట వినపడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, అవతల ఫోను పలక్క అయినవాళ్ల కోసం ఎంతమంది అల్లాడిపోయారో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఇప్పుడు బ్యాంకు ఓటీపీ, పిల్లల చదువు, 108 పిలుపు అన్నీ ఫోను మీదే నడుస్తున్నాయి.

అందుకే సిగ్నల్‌ను ఇంట్లో, తలుపు వేసి కొలవాలి. మున్సిపాలిటీ వీధివీధికీ ఆ లెక్క రాయించాలి. అందని చోట్ల కరెంటు స్తంభాల మీద చిన్న యాంటెన్నాలైనా పెట్టించాలి. రీఛార్జి ధర ఊరంతటికీ ఒకటే, కొండవార ఇంటికి రూపాయి తగ్గించరు. డబ్బు సమానంగా కట్టించుకున్నాక సిగ్నలూ సమానంగానే ఇవ్వాలి.