విద్యార్థి వ్యాసంలో ఆధారం, ఆకరం: పల్నాటి చాపకూడు ఉదాహరణగా

“బ్రహ్మనాయుడు చాపకూటితో కులభేదాలను రూపుమాపాడు.” పల్నాటి వీరగాథపై విద్యార్థులు రాసే వ్యాసాలలో ఇటువంటి వాక్యం ఎదురైనప్పుడు అధ్యాపకుడు పక్కన “ఆధారం?” అని గుర్తు పెడతాడు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల విద్యార్థికి ఇది చిన్ననాటి నుంచి విన్న కథ. నిరూపించవలసిన విషయమని తోచదు. అందుచేత పేరా చివర ఒక గ్రంథం పేరు చేర్చడంతో పని ముగుస్తుంది. కాని గ్రంథనామం చేరినంత మాత్రాన ప్రతిపాదన రుజువు కాదు. ఆ ఆకరం దేనికి సాక్ష్యమివ్వగలదో తేలినప్పుడే పేరా నిలుస్తుంది.

ఈ గాథకు సంబంధించిన మూడు ఆకరాలను పరిశీలించవచ్చు. మొదటిది, శ్రీనాథుని పేర ప్రసిద్ధమై, అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించిన ద్విపద కావ్యం. పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది నాటిదని సాధారణంగా భావిస్తారు. శ్రీనాథుని రచనాకాలం దానికి రెండు శతాబ్దాల తరువాతిది. కనుక కావ్యం ప్రధానంగా కవి చిత్రణకు సాక్ష్యం. రెండవది, వీరవిద్యావంతుల గానం. అలిసెట్టి గాలెయ్య పాడిన కథ ఆధారంగా జీన్ రోగేర్ చేసిన అధ్యయనం, ఆంగ్లానువాదం 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువడ్డాయి. మూడవది, కార్తీకమాసంలో కారంపూడిలో జరిగే వీరుల ఉత్సవం. అందులో మందపోరు నాడు చాపకూడు నేటికీ సాగుతున్నది.

ఈ భేదం గుర్తిస్తే విద్యార్థి వాక్యంలోని క్రియ మారుతుంది. “రూపుమాపాడు” అన్నది 12వ శతాబ్ది సమాజాన్ని గూర్చిన నిర్ణయం. దానికి పై మూడూ చాలవు. “పల్నాటి వీరుల స్మృతి బ్రహ్మనాయుణ్ణి సహపంక్తి భోజనంతో ముడివేసింది” అన్నది నిరూపించదగిన ప్రతిపాదన. ఆ వెంట కారంపూడి ఆచారాన్ని, గాథలో మాల కన్నమదాసుకు దక్కిన సేనాని స్థానాన్ని ఆధారాలుగా చూపాలి. అవి ప్రతిపాదనను ఎట్లా బలపరుస్తున్నాయో తన మాటల్లో వివరించాలి. చివరకు వాటి పరిమితిని చెప్పాలి: సమాజం ఏ విలువను స్మరించుకుంటున్నదో ఇవి తెలుపుతాయి, నాడు కులభేదం తొలగిందని తెలపవు.

ఆకర సూచన సైతం ఈ వివేకాన్నే అనుసరించాలి. ముద్రిత కావ్యానికి పరిష్కర్త, ముద్రణ సంవత్సరం, పుట సంఖ్య అవసరం. మౌఖిక కథనానికి గాయకుని పేరు, ఊరు, తేది, సేకర్త వివరాలు అంతే అవసరం. “జానపదులు చెబుతారు” అని రాసిన చోట కథను కాపాడిన గాయకుడు అదృశ్యమవుతాడు. ముద్రణకెక్కిన పండితునికి పాదసూచిక, పాడిన గాయకునికి బహువచనం దక్కడం న్యాయం కాదు. పల్నాటి విద్యార్థి తన ఊరిలో విన్న గానాన్ని, గాయకుని అనుమతితో, ఈ వివరాలతో నమోదు చేస్తే అది వినికిడిగా మిగలదు. ఇతరులు పరిశీలించదగిన ఆకరమవుతుంది.