ప్రక్కన పడుకున్నవారి సాక్ష్యము

మా నాయన గురక శావల్యాపురంలో మా వీధి మొత్తానికీ తెలిసినదే. రాత్రి గూడ్సు బండి స్టేషను దాటి వినుకొండ వైపు వెళ్ళిపోయిన తరువాత కూడా "మీ ఇంట్లో బండి ఇంకా దాటలేదే" అని ప్రక్కింటి పెద్దమ్మ తెల్లవారి నవ్వేది. మేమూ నవ్వేవారము. ఇద్దరు అన్నదమ్ములము, ఒక చెల్లెలు; ముగ్గురమూ ఆ శబ్దములోనే పెరిగాము. గురక అంటే గాఢనిద్ర అనుకున్నాము. అది జబ్బు కావచ్చునని మాలో ఒక్కరికీ తోచలేదు. మా ఇంట్లో జరిగినది వేరొక ఇంట్లో జరుగకూడదని ముగ్గురమూ కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

నాయన గుడిలో కునుకు తీసేవాడు. రెండవ పాట అయ్యేసరికి తల వాలిపోయేది. త్రోయలో పౌలు ప్రసంగిస్తుండగా కిటికీలో కూర్చుండి నిద్రపోయి, మూడవ అంతస్తు నుండి క్రింద పడిన ఐతుకు మీకు జ్ఞాపకమున్నాడు గదా. సంఘ పెద్దలలో ఒకరు నాయనకు ఆ పేరే పెట్టారు. పౌలు అర్ధరాత్రి వరకు మాట్లాడాడు గనుక ఐతుకుకు కొంత సాకు ఉంది, మన అయ్యగారి ప్రసంగము గంట కూడా ఉండదు గదా అనేవారు. నాయన సిగ్గుపడి, ముందు వరుస విడిచి వెనుక గోడవారకు చేరాడు. తన భక్తి చల్లారిపోయిందేమోనని అమ్మతో చెప్పుకొని ఆయన బాధపడ్డాడని మాకు చాలా కాలము తరువాత తెలిసింది.

అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. మా ప్రాంతములో ఆ పని ఎరుగని ఇల్లు తక్కువ. కాయ కదిపితే ఘాటు ముక్కుకెక్కుతుంది, కళ్ళు నీళ్ళు కారుతాయి, తుమ్ములు, దగ్గు. ఇంటికి వచ్చి స్నానము చేసి కాసేపు గాలికి కూర్చుంటే తగ్గిపోతుంది. అందుకని అమ్మ దగ్గును "మిరప దగ్గు" అనేవారము. అయితే పని అయిపోయి, కాయలు అమ్ముడుపోయి, ఎండలు ముదిరినా ఆమె దగ్గు పోలేదు. మిరప దగ్గయితే మిరపతోపాటే పోవాలి గదా అని ఎవరమూ ఆలోచించలేదు. బోరింగు దగ్గర నుండి బిందె తెచ్చేటప్పుడు దారిలో రెండు చోట్ల ఆగేది. వయసు అన్నాము.

కొన్నాళ్ళకు అమ్మ వెల్లకిలా పడుకోవటము మానివేసింది. రెండు దిండ్లు పెట్టుకొనేది. తరువాత గోడకు ఆనుకొని కూర్చుండి రాత్రంతా గడిపేది. అడిగితే "మీ నాయన గురకకు నిద్ర ఎక్కడ పడుతుంది?" అనేది. నాయనను పగలు ఎందుకు తూగుతున్నావని అడిగితే "మీ అమ్మ దగ్గుతూ ఉంటే నాకు నిద్ర ఏది?" అనేవాడు. రెండూ మాకు సరిపోయిన జవాబులే. ఆయన గురక ఆమె జబ్బును, ఆమె దగ్గు ఆయన జబ్బును మా కళ్ళకు కనబడకుండా చేశాయి. ఒకే గదిలో ఇద్దరు రోగులున్నారు. ఇద్దరిలో ఎవరినీ మేము వైద్యుని దగ్గరికి తీసికొని పోలేదు.

తీసికొని పోలేదంటే, బొత్తిగా ఏమీ చేయలేదని కాదు. మా ఊరికి వచ్చే ఒకాయన ఇంజెక్షను చేసేవాడు. నాలుగు రోజులు ఊపిరి తేలికగా ఆడేది, మళ్ళీ మొదలు. సంవత్సరమున్నర అలాగే గడిచింది. తగ్గిపోయి తిరిగి తిరిగి వచ్చే ఆయాసము ఇంకా లోపలే ఉన్నదని, ఇంజెక్షను దానిని కొద్ది రోజులు నొక్కి ఉంచిందని, ఇప్పుడైతే చెప్పగలము.

చివరికి నరసరావుపేటలో ఒక డాక్టరుగారు మొదట కళ్ళె పరీక్ష చేయించారు. క్షయ లేదన్నారు. తరువాత ఒక గొట్టములోకి బలముగా ఊదించి, గాలి ఎంత వేగముగా బయటకు వస్తున్నదో కొలిచారు. "చుట్ట తాగుతావా అమ్మా?" అని అడిగితే అమ్మకు కోపము వచ్చింది. "నేనేమి, చుట్ట ఏమి!" అన్నది. ఆయన నవ్వి "అయితే ఏ పొయ్యి మీద వండుతావు?" అన్నారు. పెళ్ళయినది మొదలు అమ్మ పత్తి కట్టె, కంది కట్టె మీదనే వండింది. గ్యాసు మా ఇంటికి వచ్చిన తరువాత కూడా దాని మీద టీ మాత్రమే కాచేది. సిలిండరు త్వరగా అయిపోతుందని అన్నము, స్నానపు నీళ్ళు కట్టెల మీదనే. మేమూ సరే అన్నాము. డబ్బు మిగిలిందనుకున్నాము.

దానిని సీవోపీడీ అంటారు. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగేవారికే వస్తుందని మేము అనుకొనేవారము. కట్టెల పొగ సంవత్సరాల తరబడి పీల్చినా గాలి గొట్టాలు వాచి, ఇరుకై, ఊపిరితిత్తులలోని సన్నని గాలి సంచులు చెడిపోతాయి. చెడిపోయినది తిరిగి రాదు. అయితే పొగ మానివేసి, పీల్చే మందు క్రమముగా వాడితే మిగిలినది నిలుపుకొనవచ్చును. పీల్చే మందు అలవాటైపోతుందని, అది ఆఖరి మందని మన ఊళ్ళలో ఒక భయము ఉంది. అది నిజము కాదు. బిళ్ళ రక్తములో కలిసి శరీరమంతా తిరుగుతుంది. పీల్చే మందు బహు కొద్ది మోతాదులో తిన్నగా గాలి గొట్టాలకు చేరుతుంది. అమ్మకు అది రెండేళ్ళు ముందు దొరికి ఉంటే, అనే మాట మా ఇంట్లో ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. 2019 డిసెంబరులో అమ్మ ప్రభువునందు నిద్రించింది.

ఆసుపత్రిలో ఉండగా ఒక రాత్రి ఆమె మా చెల్లెలితో అన్నది: "మీ నాయన రాత్రిపూట ఊపిరి నిలిపేస్తాడే. మోకాలితో పొడిస్తే మళ్ళీ తీస్తాడు. నేను లేకపోతే ఎవరు పొడుస్తారు?" చెల్లెలు కన్నీళ్ళు పెట్టుకొని మాకు చెప్పింది. భార్యాభర్తల మమకారము అనుకున్నాము. అది రోగ లక్షణమని అనుకోలేదు. ఎన్ని సంవత్సరాలు ఆమె మోకాలితో ఆయనకు ఊపిరి తిరిగి రప్పించిందో దేవునికే తెలియాలి.

ఆ తరువాత నాయన ప్రక్కన మా పెద్దవాని కొడుకు పడుకొనేవాడు. అప్పటికి వానికి తొమ్మిదేళ్ళు. సాగర్ కాలువలో ఈతకు పోయి, నీళ్ళలో ఎవడు ఎంతసేపు మునిగి ఉంటాడో లెక్కపెట్టుకొనే వయసు. ఒకనాడు అన్నము తింటూ "తాతయ్య నా కంటే ఎక్కువసేపు మునుగుతాడు. నిన్న ఇరవై మూడు లెక్కపెట్టాను" అన్నాడు. ఎక్కడరా అంటే "నిద్రలో" అన్నాడు. గురక గట్టిగా వస్తుందట, ఉన్నట్టుండి ఆగిపోతుందట, పొట్ట కదులుతుంది గాని ముక్కులో గాలి ఉండదట, తరువాత ఉలిక్కిపడి, నీళ్ళలో నుండి తల పైకెత్తినట్టు గాలి పీలుస్తాడట. అమ్మ చెప్పినదే వాడు తన మాటలలో చెప్పాడు. రెండవ సాక్షి నోట వినిన తరువాత గాని మాకు నమ్మకము కలుగలేదు.

అప్పటికే నాయనకు రక్తపోటుకు రెండు రకాల బిళ్ళలు వాడుతున్నా తగ్గటము లేదు. ఉదయము లేస్తూనే తలనొప్పి, నోరు ఎండిపోవటము. రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రమునకు లేవటము. అర్ధరాత్రి గుండెల మీద ఏదో కూర్చున్నట్టు భయపడి లేచేవాడు. కొందరు దురాత్మ పీడన అన్నారు. ప్రార్థన చేయించాము, చేయించినందుకు మేము చింతించటము లేదు. అయితే ఆ వారమే బస్సు కూడా ఎక్కవలసింది. పౌలు ప్రయాణములలో వైద్యుడైన లూకా తోడుగా ఉన్నాడు గదా. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌గారు సువార్తను, మందుల పెట్టెను వేరు చేయలేదు. క్షయకు సరియైన మందు లేని ఆ కాలములో మిషనులు కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము కట్టి, 1915లో రోగులకు తలుపులు తెరిచారు. అటువంటివారి వలన సువార్త వినిన సంఘములము మనము.

మేము బస్సు ఎక్కినది వేరొక సంగతి జరిగిన తరువాత. నాయన విత్తనాల సంచి పెట్టుకొని వినుకొండ నుండి మోపెడ్ మీద వస్తూ, తిన్నని రోడ్డు మీద, పట్టపగలు, కాలువ గట్టులోకి దిగిపోయాడు. దెబ్బలు పెద్దవి కావు. "ఏమైంది నాయనా?" అంటే "ఏమో, రోడ్డు ఉంది, తరువాత లేదు" అన్నాడు. ఆ క్షణములో నిద్రపోయాడన్నమాట. ఎదురుగా లారీ వచ్చి ఉంటే ఈ వ్యాసము వేరుగా వ్రాసేవారము.

గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి మనుమడిని కూడా తీసికొని వెళ్ళాము. అది మేము చేసిన మంచి పని. డాక్టరుగారు నాయనను అడిగితే "నాకేమీ లేదండీ, హాయిగా నిద్రపోతాను" అన్నాడు. ఆయన వెంటనే "నువ్వు చెప్పరా బాబూ" అని పిల్లవానివైపు తిరిగారు. నిద్రలో వచ్చే ఈ జబ్బు నిద్రపోయేవానికి తెలియదు. గొంతు కండరాలు సడలి, నాలుక వెనుకకు జారి, గాలి దారి మూసుకొనిపోతుంది. రక్తములో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, దారి తెరుచుకుంటుంది, మళ్ళీ నిద్ర. తెల్లవారితే ఇదేమీ జ్ఞాపకము ఉండదు. అందుకే రాత్రంతా పడుకున్నా పగలు తూగుతారు. సంవత్సరాల తరబడి ఇలా సాగితే రక్తపోటు, గుండె జబ్బు, పక్షవాతము వచ్చే ప్రమాదము పెరుగుతుంది.

ఒక రాత్రి వేలికి, ముక్కుకు, ఛాతీకి తీగలు కట్టి పరీక్ష చేశారు. కనీసము పది సెకన్లు ఊపిరి ఆగటము, లేదా బాగా తగ్గిపోవటము, గంటకు ఎన్నిసార్లు అని లెక్క. 5 లోపు ఉంటే మామూలు. 30 దాటితే తీవ్రము. నాయనకు 41 వచ్చింది. ముక్కుకు తొడుగు పెట్టి, చిన్న యంత్రముతో గాలిని కొద్ది ఒత్తిడిగా పంపి, గొంతు మూసుకొనిపోకుండా చేస్తారు. ఈ పద్ధతిని 1981లో ఆస్ట్రేలియాకు చెందిన కాలిన్ సల్లివన్ అనే డాక్టరు లోకానికి తెలియజేశారు. యంత్రము ఖరీదు తక్కువేమీ కాదు. ఆ ఏడు మిరప ధర బాగున్నది గనుక కొనగలిగాము. మొదటి వారము నాయన దానిని రోజూ పీకివేశాడు. మనుమడు రోజూ తిరిగి పెట్టాడు.

గురకపెట్టే ప్రతివారికీ ఇది ఉంటుందని మేము చెప్పటము లేదు. గురక మధ్య ఊపిరి ఆగినా, ఉక్కిరిబిక్కిరై లేచినా, పగలు బండి మీద, ట్రాక్టరు మీద కునుకు పట్టినా చూపించుకొనవలెను. లావుగా ఉన్నవారికి, మెడ బొద్దుగా ఉన్నవారికి ఎక్కువగా వస్తుంది గాని సన్నగా ఉన్నవారికి రాదని లేదు. ప్రక్కన పడుకున్నవారు సెల్‌ఫోనులో ఐదు నిమిషాలు ఆ శబ్దము పట్టుకొని వెళితే డాక్టరుకు ఎంతో ఉపయోగము. నిద్ర బాగా పడుతుందని ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర ఇటువంటివారికి వేయవద్దు. సారా, బ్రాందీ కూడా గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి.

దగ్గు రెండు వారాలు దాటితే కారణము మిరప అనుకున్నా, పొగ అనుకున్నా, ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించండి. సాయంత్రము జ్వరము, రాత్రి ప్రక్క తడిసేటట్లు చెమట, తూకము తగ్గటము తోడైతే ఇక ఆలస్యము వద్దు. క్షయ మందులు ఉచితము. 2024 నవంబరు నుండి రోగికి పోషణ కొరకు నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తున్నారు. కళ్ళెలో రక్తము కనబడితే రెండు వారాలు లెక్కపెట్టనక్కరలేదు, ఆ రోజే వెళ్ళాలి. పిల్లలకు తెల్లవారుజామున పిల్లికూతలు వస్తుంటే ఉబ్బసము కావచ్చును. పడుకుంటే ఆయాసము, కూర్చుంటే నెమ్మది, కాళ్ళ వాపు ఉంటే గుండె కూడా చూపించాలి. కరోనా కాలములో కొన్న వేలి యంత్రము మీ ఇంట్లో ఏ అలమరలోనో ఉండే ఉంటుంది; అందులో అంకె 94 కంటే తగ్గితే వైద్యునికి చూపించండి. 90 కంటే తగ్గినా, పెదవులు నీలమైనా, ఒక మాట పూర్తి చేయలేకపోయినా, మనిషి మత్తుగా తికమకగా మాట్లాడుతున్నా, తెల్లవారే వరకు చూడవద్దు, 108కి ఫోను చేయండి.

కట్టెల పొయ్యి మా ఇంట్లో ఇప్పుడు లేదు. అమ్మ కూర్చున్న చోట గోడ మీద ఆమె వీపు ఆనిన మరక ఉంది. రెండుసార్లు సున్నము వేశాము గాని నాయన ఆ కాస్త చోటు వదిలివేయమన్నాడు.

ఆయన మళ్ళీ ముందు వరుసకు వచ్చాడు. ప్రసంగము మొదటి నుండి చివరి వరకు వింటున్నాడు. పోయిన నెల ఆరాధన అయిన తరువాత అయ్యగారి దగ్గరికి పోయి, ప్రసంగము కాస్త పొడుగైందని చెప్పి వచ్చాడు.