తాడు చివర బావమరిది

‘గమ్యం చేరుకున్నారు’ అంది ఫోను. చేరుకున్నమాట నిజమే. కొండ అంచున నిలబడి ఉన్నాను. ముందు రెండడుగుల రాయి, ఆ తర్వాత గాలి. తొంభై అడుగుల కింద ఒక చింతచెట్టు తల, దాని అవతల నల్లరేగడి చేలల్లో ఎర్రటి దుప్పట్లు ఆరేసినట్టు మిరప కల్లాలు. విచిత్రం ఏంటంటే, గంట క్రితం ఆ చింతచెట్టు కింద నిలబడ్డప్పుడు కూడా ఫోను ఇదే మాట చెప్పింది. పైన నిలబడినా కింద నిలబడినా అక్షాంశం ఒకటే, రేఖాంశం ఒకటే. మేం వెతుకుతున్న డబ్బా ఆ రెంటికీ మధ్య, కొండ గోడకి పొడుచుకొచ్చిన చిన్న అరుగు లాంటి రాయి మీద ఉంది. దాని దగ్గరికి వెళ్ళాలంటే తాడు పట్టుకుని దిగడం ఒక్కటే దారి.

నా వయసు యాభైకి దగ్గర. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. ఈ వయసులో ఈ పని ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలంటే మా మేనల్లుడి దగ్గర మొదలుపెట్టాలి.

మేనల్లుడంటే మా ఆవిడ తమ్ముడి కొడుకు. అమెరికాలో ఆరెగాన్‌లో ఉద్యోగం. అక్కడ వాడికి జియోకాషింగ్ పిచ్చి పట్టుకుంది. ఒకళ్ళు ఎక్కడో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటు అంకెల్లో నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, డబ్బాలో ఉన్న చిన్న పుస్తకంలో పేరు రాసి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేసి వచ్చేస్తారు. బహుమతీ లేదు, పైసా లేదు. “దొరికింది తెచ్చుకోకపోతే ఇంక వెతకడం దేనికిరా?” అని వాళ్ళ నాన్న అడిగాడు. రైతు ప్రశ్న. జవాబు చెప్పలేక వాడు నవ్వేశాడు.

ఈ ఆట పుట్టింది కూడా ఆరెగాన్‌లోనే. 2000 మే మొదటి వారం దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే కాస్త చెడగొట్టి వదిలేది. వంద మీటర్ల దాకా తేడా చూపించేది. ఆ అడ్డు తీసేసిన ఒకటి రెండు రోజులకే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక బకెట్ పెట్టి, దాని అంకెలు నెట్‌లో రాశాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, ఒక వడిసెల లాంటిది, ఒక చిక్కుడు గింజల డబ్బా కూడా ఉన్నాయట. ఇప్పుడైతే తినేవి పెట్టనివ్వరు, వాసనకి జంతువులు వస్తాయని. లేకపోతే మావాడు కచ్చితంగా గోంగూర పచ్చడి పెట్టేవాడు.

ప్రతి డబ్బాకీ దారి ఎంత కష్టమో ఒకటి నుంచి ఐదు దాకా చుక్కలు ఇస్తారు. ఒక చుక్కంటే చక్రాల కుర్చీలో కూడా వెళ్ళొచ్చు. ఐదు చుక్కలంటే తాడో, పడవో, ఏదో ఒక ప్రత్యేకమైన సరంజామా లేనిదే కుదరదు. రెండేళ్ళ క్రితం సంక్రాంతికి వచ్చినప్పుడు మావాడు వాళ్ళ చేలకి దగ్గర్లో ఉన్న కొండ గోడ మీద ఐదు చుక్కల డబ్బా ఒకటి పెట్టాడు. పైనుంచి తాడు మీద ర్యాపెలింగ్ చేసుకుంటూ దిగాడు. పోతూ పోతూ నా మెడకి చుట్టి పోయాడు. డబ్బా పెట్టినవాడు దాని బాగోగులు చూసుకోవాలి, దూరాన ఉంటే దగ్గర్లో ఎవరో ఒకరు చూస్తామని ఒప్పుకోవాలి. ఆ ఒకరు నేను. “ఒట్టి సంతకమే గదా మావయ్యా!” అన్నాడు.

మొన్న మాఘమాసంలో ఫోన్ చేశాడు. రెండు వానాకాలాలు పోయాయి, ఇంతవరకు ఎవరూ దిగలేదు, డబ్బా ఉందో లేదో చూసి పుస్తకం మార్చమన్నాడు.

నేను అంతకుముందు భువనగిరి గుట్ట మీద రెండు రోజులు రాతి ఎక్కుడు నేర్చుకున్నాను. పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్టుకి వెళ్ళకముందు మొదటి పాఠాలు నేర్చుకున్న గుట్ట అది. పదమూడేళ్ళ పిల్ల ఎవరెస్టెక్కిన పాఠాలతో నేను తొంభై అడుగులు దిగలేనా అనుకున్నాను. ధైర్యానికి లోటు లేదు. లోటల్లా మనిషికే. అక్కడ నేర్పిన మిత్రుడు హైదరాబాదు నుంచి తాళ్ళూ కొక్కేలూ తీసుకుని వస్తానన్నాడు. దిగేవాడి నడుముకి కట్టిన రెండో తాడు, అంటే రక్షణ తాడు, పైన ఇంకొకళ్ళు పట్టుకోవాలి.

“ఎవరు పట్టుకుంటారు?” అంది మా ఆవిడ.

నేను మాట్లాడలేదు.

“మా తమ్ముడు పడితేనే దిగండి. లేకపోతే ఇంట్లో కూర్చోండి.”

ఇక్కడే ఉంది చిక్కు. మా బావమరిదికీ నాకూ ఏడాదిగా మాటల్లేవు.

2024 వేసవిలో వాడి మిరపకాయలు అరవై టిక్కీలు గుంటూరు యార్డుకి వచ్చాయి. అంతకుముందు ఏడు క్వింటా ఇరవై వేలు పైన పలికిన సరుకు కాస్త తగ్గింది. వాడు అమ్మేస్తానన్నాడు. నేను బ్యాంకువాణ్ణి కదా, లెక్క చెప్పాను. “తొందరపడకు. కోల్డ్ స్టోరేజీలో పెట్టు. మళ్ళీ లేస్తుంది” అన్నాను. వాడు విన్నాడు. ధర లేవలేదు. 2025 ఫిబ్రవరికి ఎంత కిందికి పోయిందంటే, కేంద్రం కలగజేసుకుని క్వింటాకి 11,781 రూపాయలు అని మార్కెట్ జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. వాడు అమ్మింది దాని చుట్టుపక్కలే. స్టోరేజీ అద్దె వేరే. ఒక్క మాట కూడా అనలేదు నన్ను. అనుంటే బాగుండేది. ఆ ఏడు దసరాకి రాలేదు, ఫోనెత్తడం మానేశాడు.

మా ఆవిడే మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. “వస్తాడు” అంది అంతే.

పొద్దున్నే గుంటూరు నుంచి బయల్దేరాం. ఫిరంగిపురం దగ్గర ఎడమవైపు కొండవీడు కొండలు. రెడ్డిరాజులు రాజధాని చేసుకున్న కొండలవి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు పట్టుకున్న కోట అది. కోట దగ్గర మాత్రం ఇలాంటి డబ్బా ఆటలు ఆడకూడదు. ఒకటి, పాత కట్టడాల పక్కన తాళ్ళు కట్టడం తప్పు. రెండు, మన దగ్గర కొండ మీద ఎవడైనా యంత్రం చేతబట్టుకుని రాళ్ళ మధ్య వెతుకుతుంటే జనానికి ఒకటే అనుమానం: గుప్తనిధులు. 1878 నాటి చట్టం ఒకటి ఉంది. నేలలో దాచిన నిధి దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. మావాడి ప్లాస్టిక్ డబ్బాకే పది రూపాయల కంటే ఎక్కువ పడింది. నయం, ఈ ఆటలో నేల తవ్వి పాతిపెట్టడం నిషేధం.

నరసరావుపేట దాటాక కోటప్పకొండ. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయంటారు. ఆ రోజు రెండే లెక్కపెట్టగలిగాను, మూడోది మంచులో ఉంది. శివరాత్రి దగ్గర పడింది కాబట్టి దారిలో ఊళ్ళల్లో ప్రభలకి కర్రలు పోగేస్తున్నారు. వినుకొండ దాటి త్రిపురాంతకం వైపు తిరిగాక కారు అద్దాలు దించామో లేదో, ముగ్గురం తుమ్మడం మొదలుపెట్టాం. రోడ్డుకి రెండు పక్కలా కల్లాలే. పత్తి చేలు చివరి తీతకి వచ్చి అక్కడక్కడా తెల్లగా ఉన్నాయి. ఆడవాళ్ళు కొంగు ముక్కుకి చుట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. ఇక్కడి నుంచి కొండ పేరు, ఊరి పేరు రాయను. రాస్తే ఆట చెడుతుంది.

ఊళ్ళో పంచాయతీ వాళ్ళకి ముందే చెప్పి ఉంచాం. అయినా కొండ కింద మేకలు మేపే పెద్దాయన పట్టుకున్నాడు.

“యాడికి పోతన్నారు తాళ్ళేసుకుని? నిధికా?”

“కాదు పెద్దాయనా, ఒక డబ్బా ఉంది. అందులో పుస్తకం. పేరు రాసొస్తాం.”

ఆయన నన్ను కాసేపు చూశాడు. “నిధి అని చెప్పినా నమ్మేవోణ్ణి” అన్నాడు.

ఆయనే తర్వాత ఇంకో మాట అన్నాడు. చిన్నప్పుడు నల్లమల అంచున మేకలు కాసినప్పుడు చెంచులు కొండ గోడల మీద తేనె తీయడం చూశాడట. రాత్రిపూట, పొగబెట్టి, నార తాడు మీద లోయలోకి దిగేవాళ్ళట. “పైన తాడు ఎవురు పట్టుకుంటారో తెలుసా? బామ్మర్ది. అన్నదమ్ముడికియ్యరు.” చెంచుల గురించి ఈ మాట నేనూ విన్నాను. అన్నదమ్ముడికి ఆస్తిలో వాటా ఆశ ఉండొచ్చు, బావమరిది అయితే తన అక్కనో చెల్లెలినో విధవని చేసుకోడు అని లెక్క. మా ఆవిడ చెంచుల గురించి ఎక్కడా చదివినట్టు లేదు. కానీ లెక్క అదే వేసింది.

మా బావమరిది అప్పటికే కొండ మీద ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు. అంతే.

మిత్రుడు పని మొదలుపెట్టాడు. రాతి పగులులో వేళ్ళు దించిన రావిచెట్టుకి ఒక కట్టు, దాని వెనక ఏనుగంత బండకి ఇంకో కట్టు. ఒకటి వదిలినా రెండోది ఆపాలి. గోడ మీద తేనెపట్టులు ఉన్నాయేమోనని ముందే కిందనుంచి బైనాక్యులర్‌తో వెతికాం. తేనెటీగలు లేస్తే తాడు మీద ఉన్నవాడికి పారిపోయే దారి ఉండదు. తర్వాత మా బావమరిదికి రక్షణ తాడు ఎలా వదలాలో, ఎలా బిగించాలో నేర్పాడు. వాడు రెండుసార్లు చూసి మూడోసారి తనే చేసి చూపించాడు. బండి మీద మిరప బస్తాలకి తాళ్ళు బిగించే చెయ్యి అది.

కొండ అంచు పదునుగా ఉంది. తాడు రాయికి ఒరుసుకుంటే తెగుతుంది, మధ్యలో మెత్తగా ఏదైనా వేయాలి. మిత్రుడు తెచ్చిన గుడ్డ చాల్లేదు. బావమరిది మాట్లాడకుండా కిందికెళ్ళి గోతాం ఒకటి తెచ్చి అంచున పరిచాడు. మంచి మందమైన గోతాం. అది దేని గోతామో అప్పుడు ఎవరికీ తట్టలేదు.

వెనక్కి తిరిగి, పాదాలు గోడకి ఆన్చి, వీపు గాలిలోకి వాల్చడం. ర్యాపెలింగ్‌లో కష్టమంతా ఈ మొదటి అడుగే. ఒళ్ళంతా ముందుకు వంగి రాయిని కరుచుకోమంటుంది. కరుచుకుంటే కాళ్ళు జారతాయి. నేను వంగాను. జారాయి. ఒక అడుగు పడ్డానో లేదో నడుము దగ్గర రెండో తాడు బిగిసింది. పైనుంచి కేక:

“కాళ్ళు ఆన్చు బావా! వెనక్కి వాలు!”

ఏడాది తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది.

వాలాను. అప్పుడు దిగడం వచ్చింది. పదడుగులు, ఇరవై అడుగులు. గాలిలో పచ్చి ఆకు వాసన, పావురాల రెట్ట వాసన. బాగానే ఉంది అనుకుంటూ చెమట తుడుచుకున్నాను. గోతాం మీద రుద్దుకున్న తాడు నా చేతుల్లోంచే జారుతోందన్న సంగతి అప్పుడు తెలిసింది. కళ్ళు మండిపోయాయి. తేజ రకం. అంత ఎత్తున వేలాడుతూ, రెండు కళ్ళూ మూసుకుని, ఏడుస్తూ ఉన్నాను. పైన మిత్రుడు “ఏమైంది? ఏమైంది?” అంటున్నాడు.

“కారం!” అని అరిచాను.

కాసేపు ఏం వినపడలేదు. తర్వాత నవ్వు. మా బావమరిది నవ్వు. ఆ నవ్వుకి తాడు కూడా ఊగింది, కానీ ఒక్క వేలు కూడా వదల్లేదు. “కదలమాక. కన్నీళ్ళు కారనీ. అయ్యే కడిగేస్తయ్” అన్నాడు. కల్లంలో పుట్టి పెరిగినవాడు, తెలుసు.

కడిగేశాయి. తడుముకుంటూ అరుగు రాయి మీదికి చేరాను. డబ్బా ఉంది. మూత సందులో చీమలు కాపురం పెట్టాయి. పుస్తకం అట్ట తడిసి ఉబ్బింది. మార్కాపురం పలక ముక్క ఒకటి, రెండు నాణేలు, ఒక ప్లాస్టిక్ కారు. పుస్తకంలో ఉన్నది ఒక్క పేజీయే. మావాడి రాత:

‘దిగింది నేను. తాడు పట్టింది నాన్న. పైనుంచి అరిచింది మావయ్య.’

కొత్త పుస్తకం పెట్టి, తేదీ వేసి, మా ముగ్గురి సంగతి కూడా అదే వరసలో రాశాను. పాతది జేబులో వేసుకుని మిగతా యాభై అడుగులు దిగాను. చింతచెట్టు కింద నేల తగిలాక కొక్కెం తీసి “వదులు” అని కేకేశాను. తాడు వదులు కాలేదు. ఇంకోసారి అరిచాను. మేకల పెద్దాయన కూడా అరిచాడు. నేను పక్కకొచ్చి చెయ్యి ఊపితే గానీ పైవాడు నమ్మలేదు.

చుట్టూ తిరిగి మళ్ళీ పైకి వెళ్ళడానికి నలభై నిమిషాలు పట్టింది. బావమరిది రావిచెట్టు కింద కూర్చుని గోతాం దులుపుతున్నాడు. పాత పుస్తకం చేతికిచ్చాను. కొడుకు రాసిన మూడు ముక్కలూ చదివాడు. మళ్ళీ చదివాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు, నన్ను అడక్కుండానే.

కొండ సగం దిగాక అన్నాడు:

“ఈసారి డెబ్బై టిక్కీలు అయ్యేటట్టున్నయ్ బావా. అమ్మేద్దామా, ఉంచుదామా?”

“నన్నడగమాక” అన్నాను.