నీలి చేప ఎట్లా పోయింది?

తిరుపతిలో కూర్చుని సముద్రపు చేపను పెంచాలనుకోవడం మా మేనల్లుడికే చెల్లింది. సముద్రం చూడాలంటే మేము ఇటు శ్రీహరికోట వైపుకైనా పోవాలి, అటు చెన్నైకైనా పోవాలి. 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున చేపల ప్రదర్శనశాల పెట్టినవారికి సముద్రం వాకిట్లోనే ఉంది. మావాడికి ఆ భాగ్యం లేదు గనక, శుద్ధిచేసిన మంచినీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున తయారు ఉప్పు కలిపి, బైరాగిపట్టెడలో మా అక్కగారి హాల్లో నాలుగడుగుల అద్దాల తొట్టిలో తన సముద్రం తానే చేసుకున్నాడు.

అందులో రెండు నారింజరంగు క్లౌన్ చేపలు, ఒక చారల రొయ్య, నాలుగు నత్తలు, అన్నిటికన్నా పెద్దది ఒక బ్లూ టాంగ్. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమాలో మతిమరుపు డోరీ ఉంది చూడండి, ఆ జాతిదే. నీలం ఒళ్ళు, పసుపు తోక. ఒక్కచోట నిలవదు. ఈ కొసనుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంటుంది. సముద్రంలోనైతే అడుగు పొడవు పెరిగే చేపకు ఈ తొట్టి చాలదని నా అభిప్రాయం గానీ, నన్నెవరూ అడగలేదు.

పోయిన మే నెలలో అక్క మనవరాలికి పుట్టువెంట్రుకలు తీయించడానికి అందరం కొండకు వెళ్ళాము. వెళ్ళేటప్పుడు ఇల్లంతా కిటికీలతో సహా బిగించారు. పొద్దున్నే వచ్చి వాకిలి చిమ్మి, తొట్టిలో ఆవిరైపోయిన మేరకు మంచినీళ్ళు పోసి పొమ్మని పనిచేసే ఆమెకు తాళం ఇచ్చారు. మరునాడు పాపకు కల్యాణకట్టలో గుండు, తరువాత దర్శనం, అన్నీ సవ్యంగా జరిగాయి. మధ్యాహ్నం రెండింటికి దిగివచ్చి తలుపు తీస్తే, నీలి చేప అడుగున ఒరిగి ఉంది. నోరు తెరిచి, మొప్పలు విచ్చుకుని.

తలుపు తీసినప్పుడు ఇంట్లో వినిపించిన మాట “చేప చచ్చిపోయింది” అని. అరగంటకు అది “చేపను చంపేశారు” అయింది. ముప్పావుగంటకు “చంపేసింది” అయింది. చచ్చు అకర్మకం, చంపు సకర్మకం అని నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. మొదటిది రెండోదిగా మారడానికి ఎంతసేపు పడుతుందో ఆనాడు గడియారం పెట్టి చూసినట్లయింది. కర్త కావాలి గనక కర్తను వెతికారు. తాళం ఎవరి దగ్గరుందో ఆమే కర్త.

ఆమెను పిలిపించారు. “నేను ఏడింటికి వచ్చేతలికే అది కింద పడి ఉన్నిందమ్మా. నేనేం చేస్తిని?” అంది.

నీళ్ళు దేనితో పోశావని అడిగారు. చెంబుతో అంది. చెంబు రాగిది. రాగి సముద్రపు జీవాలకు విషమని మావాడు ఎక్కడో చదివి ఉన్నాడు. ఇంకేముంది! పైగా నేల ఫినాయిల్‌తో తుడిచిందట. చేప ఖరీదు మూడువేలు, ఆమె నెల జీతమూ దాదాపు అంతే. ఆ జీతంలో పట్టుకోవాలని ఒకరు, అసలు రేపటినుంచి రావద్దని ఒకరు. మా బావ పేపరు చదువుకుంటున్నారు. ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవారన నిలబడింది.

నాకు చేపల సంగతి తెలియదు గానీ తొట్టి ముందు కూర్చుని చూస్తూ ఉంటే ఒకటి తోచింది. “ఒరే, ఆ రొయ్య మీసాలాడిస్తూ తిరుగుతోంది కదరా. రాగి విషమైతే ముందు ఎవరికి తగలాలి?”

వాడు తటపటాయించాడు. “రొయ్యకే మామా. నత్తలకు కూడా. చేపలు ఆ తరువాత.”

“మరి?”

వాడు గబగబా పరీక్షసీసాలు తెచ్చి రంగుచుక్కలు వేసి చూశాడు. అమ్మోనియా లేదు. నైట్రైట్ లేదు. ఉప్పు ఉండవలసినంతే ఉంది. రొయ్య, నత్తలు, చిన్న చేపలు క్షేమం. తిండికీ తిరుగుడుకూ పెద్దదైన ప్రాణి ఒక్కటే పోయింది. అప్పటికి ఆమె వెళ్ళిపోయిందని ఎవరూ గమనించలేదు.

అంతలో, సాయంత్రం నాలుగున్నరకు, తొట్టి మీద దీపం దానంతటదే వెలిగింది.

“ఇదేమి? పదింటికి కదా వెలగాలి!” అన్నాడు వాడు.

ఆ దీపానికి ముల్లు తిరిగే టైమరు ఒకటి ఉంది. కరెంటుంటే తిరుగుతుంది, పోతే నిలిచిపోతుంది, వస్తే నిలిచినచోటినుంచి మళ్ళీ తిరుగుతుంది. అంటే ఆరున్నర గంటలు అది నిలిచిపోయి ఉండాలి. నాకు ముందురాత్రి జ్ఞాపకం వచ్చింది. తొమ్మిదిన్నర ప్రాంతాన మా బస్సు ఘాట్ రోడ్డు మలుపులో ఉండగా, మెరుపులతో గాలివాన. కింద తిరుపతి దీపాల్లో ఒక పక్కంతా ఒక్కసారిగా చీకటైంది. “ఊళ్ళో కరెంటు పోయినట్టుంది” అని బస్సులో ఎవరో అన్నారు కూడా. ఇంటికి ఇన్వర్టరు ఉంది గానీ, అది కట్టేనాటికి ఈ తొట్టి లేదు. ఆ గోడ ప్లగ్గుకు దాని లైను రాలేదు.

తరువాతిది లెక్క. మనం పీల్చే లీటరు గాలిలో ప్రాణవాయువు దాదాపు 270 మిల్లీగ్రాములు. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీటికి పట్టేది ఏడున్నర. ఉప్పునీటికి ఆరు మీద కొంచెం. వేడి పెరిగినకొద్దీ అదీ తగ్గుతుంది. పంపు తిరుగుతూ పైనీటిని కదిలిస్తుంటేనే ఆ కొంచెమూ ఎప్పటికప్పుడు నిండుతుంది. పంపు ఆగింది, పైన అద్దపు మూత, తలుపులు బిగించిన మే నెల హాలు. పగలు ప్రాణవాయువును విడిచే పాచికూడా చీకట్లో దాన్ని పీల్చేదే. రాళ్ళలోని సూక్ష్మజీవులూ అంతే. ఆరున్నర గంటలు! చిన్నవి ఎట్లాగో గడుపుకొచ్చాయి. పెద్దది తెల్లవారకముందే పోయి ఉంటుంది. నాలుగింటికి కరెంటు వచ్చి, పంపు ఏమీ ఎరగనట్టు మళ్ళీ తిరిగింది. అందుకే మేము వచ్చేసరికి నీళ్ళు అంత తేటగా ఉన్నాయి.

ఇదంతా తేలేసరికి చీకటి పడింది. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “అయితే అది నిజమే చెప్పింది, ఏడింటికే పడి ఉందని” అంది, ఎవరితోనో అన్నట్టు.

మరునాడు ఆమె రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. మూడోనాడు మావాడు స్కూటరు మీద వాళ్ళ వీధికి వెళ్ళాడు. అక్కడ ఏమి మాట్లాడాడో వాడు చెప్పలేదు, మేమూ అడగలేదు. వస్తూ దారిలో కరెంటు పోతే తనంతట తాను పనిచేసే బాటరీ గాలిపంపు ఒకటి కొనుక్కొచ్చాడు. దాని ఖరీదు చేప ఖరీదులో సగం కూడా లేదు.

నాలుగోనాడు ఆమె వచ్చింది. అక్క కాఫీ ఇచ్చి, “మనసులో పెట్టుకోబాక” అంది. ఆమె కాఫీ తాగి, లోటా కడిగి బోర్లించి, “ఇంటిపని చేస్తానమ్మా. ఆ తొట్టి జోలికి మాత్రం పోను” అంది. ఇప్పటికీ హాలంతా చిమ్ముతుంది, తుడుస్తుంది. తొట్టి చుట్టూ మూరెడు మేర వదిలేస్తుంది. ఆ మూరెడూ మావాడు చిమ్ముకుంటున్నాడు.